జాగ్రత్తగా కొట్టి గెలిచినోడు: జాక్ జాన్సన్ ఐదు ఫైట్లు



ఈసారి పోస్టు కొంచెం పెద్దది. తీరిక ఉన్నప్పుడు చదవండి. మన గ్రూపులో ఎక్కువగా కొమురం భీం గురించి, గాం గంటం దొర, మల్లు దొరల గురించి రాసుకుంటాం. ఈసారి మాత్రం దూరం పోతున్నాం, అమెరికా దాకా. మొన్న ఆదివారం మా రూంలో ఆరుగురం ఒక్క ఫోన్ చుట్టూ కూర్చొని 1910 నాటి బాక్సింగ్ ఫిల్ము చూశాం. బాక్సింగ్ అంటే అప్పటిదాకా మాకు తెలిసింది మన నిజామాబాద్ నిఖత్ జరీన్ ఒక్కతే. ఈ ఫిల్ములో ఒక నల్లాయన, ఒక తెల్లాయన. నల్లాయన పేరు జాక్ జాన్సన్. నల్లజాతి నుంచి వచ్చిన మొట్టమొదటి ప్రపంచ హెవీవెయిట్ చాంపియన్.

సగం అయ్యేసరికి మా వాడొకడు లేచిపోయాడు. "ఏందిరా ఇది, కొట్టడు, పట్టుకుంటడు, నవ్వుతడు. గిట్ల ఆడితే చాంపియన్ ఎట్లయిండు?" అన్నాడు. ఇంకొకడు "వాడు కొట్టకపోతే అవతలోడి మొహం అట్లెందుకు వాచింది మరి?" అన్నాడు. ఆ రాత్రి అన్నం తినేటప్పుడు కూడా ఇదే లొల్లి. వారం రోజులు దొరికిన ఫిల్ములన్నీ చూశాం, దొరికినవన్నీ చదివాం. మాకు అర్థమైనదే ఇక్కడ రాస్తున్నాం.

మా వాడు అన్నది కొత్త మాటేం కాదు. జాన్సన్ బతికి ఉన్న రోజుల్లోనే పేపర్లవాళ్లు అతన్ని పిరికోడు, బద్ధకస్తుడు అని రాశారు. అందుకే ముందు అతనెందుకు అట్ల ఆడాడో చెప్పి, తర్వాత ఐదు ఫైట్ల గురించి చెప్తాం.

ఆ జాగ్రత్త ఎక్కడ నేర్చాడు

జాన్సన్ 1878 మార్చి 31న టెక్సాస్ రాష్ట్రంలో గాల్వెస్టన్ అనే ఓడరేవు ఊళ్లో పుట్టాడు. అమ్మానాన్నలిద్దరూ బానిసలుగా పుట్టి, తర్వాత విడుదలైనవాళ్లు. కొన్నేళ్లే బడికి పోయాడు. తర్వాత రేవులో మూటలు మోశాడు.

1901 ఫిబ్రవరిలో జో చోయిన్‌స్కీ అనే పాత చేయి గాల్వెస్టన్ వచ్చి, మూడో రౌండులో జాన్సన్‌ను కింద పడేశాడు. చోయిన్‌స్కీ జాన్సన్ కంటే బరువు తక్కువ, వయసు ఎక్కువ. అప్పట్లో టెక్సాస్‌లో డబ్బుకు బాక్సింగ్ ఆడటం నేరం. పోలీసులు ఇద్దర్నీ తీసుకెళ్లి ఒకే జైల్లో పెట్టారు. మూడు వారాలకు పైగా అక్కడే ఉన్నారు. రోజూ జైలు ఆవరణలో ఇద్దరూ ప్రాక్టీసు చేసేవారు, జనం వచ్చి చూసేవారు. ఓడించినవాడే గురువయ్యాడు. ఇంత చురుగ్గా కదిలేవాడు అసలు దెబ్బ తినాల్సిన పనే లేదని చోయిన్‌స్కీ అతనికి నేర్పాడు.

ఆ తర్వాత జాన్సన్ ఆట మారిపోయింది. చేతులు చాచి, అరచేయి తెరిచి, అవతలివాడి గుద్దును గాల్లోనే పట్టేవాడు. దగ్గరకొస్తే జబ్బలు ఒడిసి పట్టి కదలనిచ్చేవాడు కాదు. అలా పట్టుకున్నప్పుడే సందు చూసి కింద నుంచి గడ్డానికి అప్పర్‌కట్ వేసేవాడు. తొందరపడి మీదకు పోవడం చాలా అరుదు.

దీనికి ఇంకో కారణం ఉంది. ఆ రోజుల్లో ఫైట్లు 20 రౌండ్లు, కొన్ని 45 రౌండ్లు. మొదట్లోనే బలమంతా పెడితే చివరికి నిలబడలేరు. నల్లజాతి బాక్సర్లకు తెల్ల చాంపియన్లు అవకాశమే ఇచ్చేవారు కాదు కాబట్టి వాళ్లలో వాళ్లే మళ్లీ మళ్లీ తలపడాలి. ఈ వారం గట్టి దెబ్బ తగిలితే వచ్చే నెల కూలి పోయినట్టే. ఒళ్లే పెట్టుబడి.

కానీ ఈ జాగ్రత్తకు ఒకసారి పెద్ద మూల్యం కట్టాడు. 1905 మార్చిలో శాన్‌ఫ్రాన్సిస్కోలో మార్విన్ హార్ట్ అనే తెల్ల బాక్సర్‌తో 20 రౌండ్లు ఆడాడు. చివరికి హార్ట్ మొహం వాచిపోయి ఉంది. అయినా రెఫరీ హార్ట్ చెయ్యి ఎత్తాడు. కారణం, హార్ట్ ముందుకు వచ్చి ఆడాడట, జాన్సన్ వెనక్కి పోయి ఆడాడట. అదే ఏడాది జులైలో హార్ట్‌కు ఖాళీగా ఉన్న ప్రపంచ టైటిల్ కోసం ఆడే అవకాశం వచ్చింది, గెలిచి చాంపియన్ అయ్యాడు. జాన్సన్ మాత్రం ఇంకో మూడున్నరేళ్లు తిరగాల్సి వచ్చింది.

ఇది చదివినప్పుడు మా రూంలో కాసేపు ఎవ్వరం మాట్లాడలేదు. కాలేజీలో మొదటి ఏడాది మాకు ఇట్లనే ఉండేది. జవాబు తెలిసినా చెయ్యి ఎత్తేవాళ్లం కాదు. వేరేవాడు తప్పు చెప్తే వాడొక్కడి తప్పు, మనం తప్పు చెప్తే "వీళ్లింతే" అని అందరి మీదికీ వస్తది. అందుకని నూటికి నూరు పాళ్లు ఖాయమైతేనే నోరు తెరిచేవాళ్లం. ఒక సార్ దాన్ని చూసి "మీకు ఆసక్తి లేదు" అన్నాడు. బయటివాళ్లకు జాగ్రత్త పిరికితనం లెక్క కనిపిస్తది. జాన్సన్ జాగ్రత్తను మేము ఆ కళ్లతో చూశాం. ఇక ఫైట్లలోకి పోదాం.

మొదటిది: సిడ్నీ, 1908 డిసెంబర్ 26

అప్పటి చాంపియన్ టామీ బర్న్స్, కెనడా దేశస్తుడు. అయిదడుగుల ఏడంగుళాల మనిషి. జాన్సన్ ఆరడుగులు దాటినవాడు. బర్న్స్ ఏ దేశం పోతే జాన్సన్ ఆ దేశం పోయాడు. లండన్ పోయాడు, చివరికి ఆస్ట్రేలియా పోయాడు. 30,000 డాలర్లు ఇస్తేనే నల్లవాడితో ఆడతానని బర్న్స్ అన్నాడు. అంత డబ్బు ఎవరూ పెట్టరని అనుకున్నాడేమో. హ్యూ మెకింటాష్ అనే ఆస్ట్రేలియా వ్యాపారి పెట్టాడు. జాన్సన్‌కు దక్కింది 5,000 డాలర్లు. రెఫరీ ఎవరనేది తేలక మెకింటాష్ తానే రెఫరీగా దిగాడు.

మొదటి రౌండులోనే అప్పర్‌కట్‌తో బర్న్స్ కింద పడ్డాడు. అప్పుడే ముగించగలిగేవాడు, ముగించలేదు. ఇక్కడ జాగ్రత్తతో పాటు ఇంకోటి కూడా ఉంది: కసి. ఇన్నేళ్లు తిప్పించుకున్నవాణ్ని ఒక్క గుద్దుతో పంపిస్తే లెక్క సరిపోదు. రౌండ్ రౌండుకూ కొడుతూ, నవ్వుతూ, బర్న్స్‌తోనూ ముందు వరుసల జనంతోనూ మాట్లాడుతూ ఆడాడు. ఇక్కడ కొట్టు అని తన పొట్ట చూపించాడు. బర్న్స్ కొట్టాడు, ఏమీ కాలేదు.

14వ రౌండులో పోలీసులు ఫైట్ ఆపించారు. కెమెరాలను కూడా ఆపించారు. తెల్ల చాంపియన్ పడిపోయే దృశ్యం ఫిల్ములో ఉండకూడదని. టైటిల్ మారింది కానీ మారిన క్షణం బొమ్మ మాత్రం లేదు. ఆ రోజు అక్కడ రిపోర్టరుగా ఉన్న రచయిత జాక్ లండన్, రిటైరైన జెఫ్రీస్ తిరిగొచ్చి జాన్సన్ మొహం మీది నవ్వును తుడిచెయ్యాలని రాశాడు. ఆ నవ్వే వాళ్లను అన్నిటికంటే ఎక్కువ మండించింది.

రెండోది: కోల్మా, 1909 అక్టోబర్ 16

మా ఆరుగురిలో నలుగురి ఓటు దీనికే. కాలిఫోర్నియాలో, మిడిల్‌వెయిట్ చాంపియన్ స్టాన్లీ కెచెల్‌తో. కెచెల్ జాన్సన్ కంటే 35 పౌండ్ల దాకా తక్కువ, అంటే దాదాపు 16 కిలోలు. ఫోటోలు తీసేటప్పుడు పెద్దగా కనిపించాలని పొడుగు కోటు, ఎత్తు మడమల బూట్లు వేసుకున్నాడని చెబుతారు.

ఫిల్ము ఎంత పొడుగుంటే థియేటర్ల నుంచి అంత డబ్బు. అందుకని ఎక్కువ రౌండ్లు నడిపిద్దామని ఇద్దరి మధ్య ముందే ఒప్పందం ఉందని చాలామంది రాశారు. ఫిల్ము చూస్తే అట్లనే అనిపిస్తది. 11 రౌండ్లు జాన్సన్ పిల్లోడితో ఆడినట్టు ఆడాడు. కెచెల్ జారితే పట్టుకుని నిలబెట్టాడు కూడా.

12వ రౌండులో కెచెల్ ఒక్కసారి ఎగిరి కుడిచేత్తో చెవి వెనక కొట్టాడు. జాన్సన్ కింద పడ్డాడు. జనం లేచి నిలబడ్డారు. జాన్సన్ లేచాడు. కెచెల్ ముగిద్దామని మీదికి ఉరికాడు. జాన్సన్ ఎదురు ఉరికాడు. ఒకే ఊపులో గుద్దు నోటి మీద పడింది. కెచెల్ వెల్లకిలా పడ్డాడు, జాన్సన్ ఆ ఊపులో అతని మీద నుంచి పడబోయి లేచాడు. తర్వాత తాడుకు ఆనుకొని నిలబడి తన గ్లోవ్ మీద నుంచి ఏదో దులుపుకుంటాడు. అవి కెచెల్ పళ్లని అంటారు.

అప్పటిదాకా లేచి పోదామన్న మా వాడే ఈ భాగం నాలుగుసార్లు వెనక్కి తిప్పి చూశాడు. జాగ్రత్త అనేది చేతకాక కాదు, అవసరం లేక అని మా లొల్లి అక్కడ తెగింది.

మూడోది: రీనో, 1910 జులై 4

ఇది ఫైట్‌గా గొప్పదేం కాదు, చరిత్రగా మాత్రం అన్నిటికంటే పెద్దది. జిమ్ జెఫ్రీస్ ఓటమి లేకుండా 1905లో రిటైరై వ్యవసాయం చేసుకుంటున్నాడు. చాంపియన్‌గా ఉన్నప్పుడు నల్లవాళ్లతో టైటిల్ కోసం ఆడనన్నాడు. దేశమంతా వెంటపడి అతన్ని మళ్లీ దింపారు. వంద పౌండ్ల దాకా ఒళ్లు తగ్గించుకుని వచ్చాడు. కాలిఫోర్నియా గవర్నర్ ఫైట్‌ను ఆపేస్తే, నెవాడా ఎడారిలోని రీనో ఊరికి మార్చారు. పందెం సొమ్ము 1,01,000 డాలర్లు. నిర్వాహకుడు టెక్స్ రికార్డ్, రెఫరీ కూడా ఆయనే. 20 వేల దాకా జనం. గేటు దగ్గర తుపాకులు తీసుకుని లోపలికి పంపారు. తేదీ అమెరికా స్వాతంత్ర్య దినం.

ఒకసారి ఆలోచించండి. 20 వేల మందిలో తన వాళ్లు అంతంత మాత్రం. జెఫ్రీస్ మూలలో నిలబడి మాజీ చాంపియన్ కార్బెట్ ఫైట్ అంతా బూతులు తిడుతూనే ఉన్నాడు. జాన్సన్ అతనికి జవాబు చెబుతూ, ఆ మాటల మధ్యలోనే జెఫ్రీస్‌ను కొడుతూ ఆడాడు. 45 రౌండ్ల ఫైట్ కాబట్టి తొందరే లేదు. జెఫ్రీస్ మీద పడితే పట్టుకున్నాడు, బరువు ఆన్చాడు, అప్పర్‌కట్ వేశాడు. జెఫ్రీస్ కన్ను మూసుకుపోయింది. 15వ రౌండులో, జీవితంలో ఎప్పుడూ కింద పడని జెఫ్రీస్ పడ్డాడు. లేచాడు, మళ్లీ పడ్డాడు, తాళ్ల మధ్యలోంచి సగం బయటికి పోయాడు. మూడోసారికి అతని మనుషులే ఆపించారు.

ఆ తర్వాత జెఫ్రీస్ ఒక నిజాయితీ మాట అన్నాడు. తన మంచి రోజుల్లో అయినా జాన్సన్‌ను ఓడించగలిగేవాణ్ని కాదని ఒప్పుకున్నాడు. దేశం మాత్రం ఒప్పుకోలేదు. ఆ రాత్రే ఎన్నో నగరాల్లో తెల్ల గుంపులు నల్లవాళ్ల మీద పడ్డాయి. సుమారు 20 మంది చనిపోయారు, వందల మందికి దెబ్బలు. సంతోషపడినందుకు కొట్టారు, గెలిచినవాడి పేరు పలికినందుకు కొట్టారు. చాలా ఊళ్లలో ఫిల్మును ఆపేశారు. 1912లో బాక్సింగ్ ఫిల్ములు ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి తీసుకుపోకుండా అమెరికా పార్లమెంటు చట్టమే చేసింది. అది 1940 దాకా నడిచింది. అదే ఫిల్మును 2005లో వాళ్ల జాతీయ ఫిల్ముల జాబితాలో చేర్చి భద్రపరిచారు. మేము ఫోన్‌లో చూసింది అదే.

నాలుగోది: లాస్ వెగాస్, 1912 జులై 4

నవ్వుకోవాలంటే ఇది చూడండి. ఈ లాస్ వెగాస్ జూదం ఆడే పెద్ద నగరం కాదు, న్యూ మెక్సికో రాష్ట్రంలో అదే పేరున్న చిన్న ఊరు. అవతల జిమ్ ఫ్లిన్, ఫైర్‌మన్ ఫ్లిన్ అని పిలిచేవారు. జాన్సన్ తనదైన పద్ధతిలో చేతులు పట్టేస్తుంటే ఫ్లిన్‌కు ఏం చెయ్యాలో తోచలేదు. తలతో గుద్దడం మొదలుపెట్టాడు. గొర్రెపొట్టేలు లెక్క రెండు కాళ్లూ నేల విడిచి ఎగిరి జాన్సన్ గడ్డానికి తల తాకించాలని చూశాడు. రెఫరీ తిడితే, వాడు నన్ను పట్టుకుంటున్నాడు అని గోల. జాన్సన్ నవ్వుతూ తల పక్కకు తిప్పుకుంటాడు, ఇంకోటి తగిలిస్తాడు. 9వ రౌండులో పోలీసులే రింగులోకి వచ్చి ఆపేశారు. జాగ్రత్తగా ఆడేవాడి ముందు ఓపిక లేనివాడు ఎట్ల తయారవుతాడో దీనికంటే బాగా ఎక్కడా కనిపించదు.

ఐదోది: హవానా, 1915 ఏప్రిల్ 5

దీనికి ముందు జరిగింది చెప్పాలి. రింగులో ఓడించలేనివాణ్ని కోర్టులో ఓడించారు. జాన్సన్ తెల్ల స్త్రీలను పెళ్లి చేసుకున్నాడు. అప్పటి అమెరికాలో అది చాలామందికి క్షమించరాని విషయం. స్త్రీలను చెడు పనుల కోసం రాష్ట్రాలు దాటించకుండా 1910లో తెచ్చిన మాన్ చట్టాన్ని అతని మీద పెట్టారు. 1913లో అందరూ తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ నేరం రుజువైందని తేల్చింది. శిక్ష ఏడాది ఒక్కరోజు. జాన్సన్ కెనడా మీదుగా ఫ్రాన్స్ పారిపోయాడు. అక్కడ రెండుసార్లు టైటిల్ నిలుపుకున్నాడు. 1914లో యుద్ధం వచ్చి పడింది, చేతిలో డబ్బు లేదు.

అప్పుడు క్యూబాలో జెస్ విల్లార్డ్‌తో ఫైట్ కుదిరింది. విల్లార్డ్ ఆరడుగుల ఆరంగుళాల మనిషి. జాన్సన్‌కు 37 ఏళ్లు. 45 రౌండ్ల ఫైట్, మండే ఎండ. 20 రౌండ్ల దాకా జాన్సన్‌దే పైచేయి. ఈసారి చాలా రౌండ్లలో తనే మీదికి పోయి కొట్టాడు, తొందరగా ముగించాలని చూశాడు. ఎందుకంటే కాళ్లు ఎక్కువసేపు ఆగవని అతనికి తెలుసు. జీవితమంతా దాచుకుని ఆడినవాడు ఒక్కసారి ఖర్చు పెట్టాడు, అది చాలలేదు. 26వ రౌండులో కుడిచేతి గుద్దుకు పడిపోయాడు.

పడుకుని ఉండగా ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టు ఒక ఫోటో ఉంది. దాన్ని చూపించి, కావాలనే ఓడిపోయానని జాన్సన్ తర్వాత చెప్పుకున్నాడు. కావాలని ఓడిపోయేటట్టయితే ఆ ఎండలో నన్ను అంతసేపు ఉంచకుండా ఇంకా ముందే పడిపోవాల్సింది అని విల్లార్డ్ జవాబు. మాకు విల్లార్డ్ మాటే నిజమనిపించింది. 26 రౌండ్లు అట్ల ఆడి ఎవరైనా కావాలని ఓడిపోతారా?

ఒక చేదు మాట

ఇదంతా చదివి జాన్సన్‌ను దేవుణ్ని చెయ్యొద్దు. చాంపియన్ అయ్యాక అతను కూడా నల్లజాతి బాక్సర్లకు తలుపు మూశాడు. శామ్ లాంగ్‌ఫోర్డ్, జో జెనెట్, శామ్ మెక్‌వే ముగ్గురూ ఆ రోజుల్లో అతనితో సమానంగా నిలబడగలిగినవాళ్లు. చాంపియన్ కాకముందు ముగ్గురితోనూ ఆడాడు. అయ్యాక ఒక్కరితో కూడా టైటిల్ కోసం ఆడలేదు. తెల్లవాళ్లతో ఆడితే డబ్బు ఎక్కువ, ప్రమాదం తక్కువ. చాంపియన్‌గా ఉన్నన్నాళ్లలో ఒకే ఒక్క నల్ల బాక్సర్‌కు, జిమ్ జాన్సన్‌కు, పారిస్‌లో 1913 డిసెంబర్‌లో అవకాశం ఇచ్చాడు.

ఇక్కడ మేము గట్టిగా తిట్టుకున్నాం. ఒకడు "ఆయన కష్టపడి ఎక్కిండు, ఆయన ఇష్టం" అన్నాడు. ఇంకొకడు "నిచ్చెన ఎక్కి పైకి లాక్కున్నడు" అన్నాడు. రింగులో జాగ్రత్త వేరు, ఇది వేరు. మొదటిది తన ఒళ్లు కాపాడుకోవడం. రెండోది తన వాళ్లకు అవకాశం లేకుండా చేయడం. హాస్టల్ నుంచి ఉద్యోగాలకు పోయిన మన సీనియర్లలో రెండు రకాలూ ఉన్నారు. ఫోన్ ఎత్తేవాళ్లు ఉన్నారు, నంబర్ మార్చేసినవాళ్లు ఉన్నారు. రేపు మనం ఏ రకం అనేది ఇప్పుడే చెప్పలేం.

హవానా తర్వాత 22 ఏళ్లు ఏ నల్ల బాక్సర్‌కూ హెవీవెయిట్ టైటిల్ కోసం ఆడే అవకాశం రాలేదు. 1937 జూన్‌లో జో లూయిస్ గెలిచాడు. గెలిచినప్పుడు తెల్లవాడి ముందు నవ్వకూడదని లూయిస్‌కు అతని మనుషులు ముందే నేర్పారు. జాన్సన్ నవ్వు అంత దూరం వెంటాడింది.

జాన్సన్ 1920లో తిరిగొచ్చి లొంగిపోయి జైలు శిక్ష అనుభవించాడు. 1946 జూన్ 10న నార్త్ కరోలినాలో కారు ప్రమాదంలో చనిపోయాడు. దారిలో ఒక హోటల్లో నల్లవాడని తిండి పెట్టకపోతే కోపంతో కారు వేగంగా తోలాడని చెబుతారు. 2018 మే నెలలో అమెరికా ప్రభుత్వం ఆ మాన్ చట్టం కేసులో క్షమాభిక్ష ఇచ్చింది. చనిపోయిన 72 ఏళ్లకు.

ఫిల్ములు చూసేవాళ్లకు ఒక మాట. జాన్సన్ గుద్దులు కాకుండా ఎడమచెయ్యి చూడండి. అవతలివాడి మోచేతి పైన పెట్టి, గుద్దు పుట్టకముందే ఆపేస్తాడు. అది కనిపించడం మొదలైతే ఫైట్ అస్సలు బోరు కొట్టదు. మాకు మూడోసారికి గానీ కనిపించలేదు.

మీకు ఐదింటిలో ఏది నచ్చిందో రాయండి. వచ్చే పోస్టు శామ్ లాంగ్‌ఫోర్డ్ మీద రాస్తాం. ప్రపంచ హెవీవెయిట్ టైటిల్ కోసం ఒక్కసారి కూడా ఆడనివ్వలేదు అతన్ని. 1944లో ఒక రిపోర్టరు వెతుక్కుంటూ పోతే న్యూయార్క్‌లో ఒక గదిలో చూపు లేకుండా, చేతిలో పైసా లేకుండా దొరికాడు. జాన్సన్ కథ చెప్పి అతని కథ చెప్పకపోతే సగమే చెప్పినట్టు.